విశ్వరూపం చూశాక అర్జునుడు ఏమడిగాడు?



ఈ వారం వీడియోలో గీత పదకొండో అధ్యాయం, విశ్వరూప సందర్శన యోగం చూశారు కదా. దానికి స్క్రిప్ట్ రాస్తూ ఒకచోట ఆగిపోయాను. నాకు అడ్డుపడిన విషయం పన్నెండు నిమిషాల వీడియోలో పట్టేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే. టీ పెట్టుకుని చదవండి.

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ చదువుతున్నాడు. "అన్నా, నువ్వు ఆ సైన్స్ పుస్తకాలన్నీ చదువుతావు. మళ్ళీ పొద్దున్నే లేచి దీపం పెడతావు. రెండిట్లో ఒకటి నటన కదా?" అన్నాడు. వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పని ఉందని ఫోన్ పెట్టేశాను. నిజానికి ఆ ప్రశ్న నన్ను నేనే చాలాసార్లు అడుక్కున్నా. రెండుసార్లు తప్పు జవాబు కూడా చెప్పుకున్నా. ముందు ఆ రెండు తప్పుల సంగతి చెప్తాను.

ట్రంకు పెట్టెలో విశ్వరూపం

మాది బేస్తవారిపేట. మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్ళే దారిలో, కంభం దగ్గర. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో మా నాయన ట్రంకు పెట్టెలో ఒక పాత పుస్తకం దొరికింది. అట్ట మీద 'విశ్వరూపం' అని ఉంది. గీత మీద వ్యాఖ్యానం అనుకుని తెరిచాను. లోపల నక్షత్రాలు, గెలాక్సీలు, ఐన్‌స్టైన్!

రాసింది నండూరి రామమోహనరావు గారు. 1927లో పుట్టి 2011లో కన్నుమూసిన ఈయన ఆంధ్రజ్యోతి సంపాదకుడిగా చాలామందికి తెలుసు. మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌ని, స్టీవెన్‌సన్ నిధి వేట కథని తెలుగు పిల్లల చేతిలో పెట్టింది కూడా ఆయనే. జీవం మొదలై మనిషి దాకా ఎలా వచ్చిందో చెప్పే ఇంకో పుస్తకం రాసి, దానికి 'నరావతారం' అని పేరు పెట్టారు. తత్వశాస్త్రం మీద రాసినదానికి 'విశ్వదర్శనం' అని పెట్టారు. మూడూ మన పురాణాల వాసన ఉన్న పేర్లే. లోపల ఉన్నది మాత్రం సైన్సు, తర్కం. 'ఖగోళ శాస్త్ర పరిచయం' అని పెట్టి ఉంటే పదమూడేళ్ళ నేను ఆ పుస్తకం తెరిచేవాణ్ణి కాదు. 'కంటికి పట్టనంత పెద్దది' అని చెప్పడానికి తెలుగులో అంతకంటే మంచి మాట లేదు. ఆ మాట మా అవ్వకు కూడా అర్థమవుతుంది.

ఆ సెలవుల్లోనే నాకు ఇంకో సంగతి తెలిసింది. మా పక్కన మార్కాపురం పలకలకు పేరు. చిన్నప్పుడు అక్షరాభ్యాసంలో నా చేత 'ఓం నమః శివాయ' అని దిద్దించింది ఆ పలక మీదే. ఆ రాయి ఒకప్పుడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురద. భూమి లోపలి ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయింది. దాని వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. అంటే మనిషే కాదు, చేపలు కూడా పుట్టకముందటి బురద మీద నేను శివుడి పేరు రాశాను. అది తెలిశాక పలక మీద గౌరవం పెరిగింది. శివుడి మీద భక్తి తగ్గలేదు. ఆ వయసులో నాకు రెండూ ఒకే పెట్టెలో ఉన్న వస్తువులు.

మొదటి తప్పు

మా అవ్వ నోట 'గురువారం' అనే మాట నేనెప్పుడూ వినలేదు. ఆమెకు అది బేస్తవారమే. బృహస్పతి వారం జనం నోట్లో నలిగి బేస్తవారం అయింది. ఆ రోజు ఒక్కపొద్దు ఉంటుంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు అవ్వను శ్రీశైలం తీసుకెళ్ళాను. అప్పుడు నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. దోర్నాల ఘాట్ రోడ్డు మీద బస్సులో అవ్వకు వివరించాను. బృహస్పతి గ్రహం సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు పన్నెండేళ్ళు, కచ్చితంగా అయితే 11.86 ఏళ్ళు పడుతుందనీ, అందుకే అది రాశికి ఒక ఏడాది చొప్పున పన్నెండు రాశులు తిరుగుతుందనీ, కన్యారాశిలోకి రాగానే కృష్ణకు పుష్కరం వస్తుందనీ చెప్పాను. "చూశావా అవ్వా, మనోళ్ళు ఎంత సైంటిఫిక్కో!" అన్నాను.

లెక్క నిజమే. మనవాళ్ళు ఆకాశాన్ని ఓపిగ్గా చూశారు, ఆ గ్రహం ఎప్పుడు ఎక్కడుంటుందో పట్టుకున్నారు. అది గర్వపడాల్సిన విషయమే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. ఆ గ్రహం నుంచి ఏవో కిరణాలు వచ్చి నీళ్ళను శుద్ధి చేస్తాయని కూడా చెప్పాను. ఎక్కడ చదివానంటే, ఫోన్‌కి వచ్చిన ఒక ఫార్వర్డ్‌లో.

1610 జనవరి 7న గెలీలియో తన దూరదర్శినిని ఇదే బృహస్పతి వైపు తిప్పాడు. పక్కన చిన్న చుక్కలు కనిపించాయి. రాత్రి తర్వాత రాత్రి అవి ఎక్కడెక్కడికి జరుగుతున్నాయో బొమ్మలు గీసుకున్నాడు. అవి నక్షత్రాలు కావు, ఆ గ్రహం చుట్టూ తిరిగే చందమామలని తేల్చాడు. ఆ మార్చిలోనే ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న నమ్మకాన్ని ఆ పుస్తకం కుదిపేసింది. అతను చేసిందల్లా చూడాలనుకున్నదాన్ని పక్కన పెట్టి, కనిపించినదాన్ని రాసుకోవడం. నేను బస్సులో చేసింది దానికి సరిగ్గా తలకిందులు.

ఇంకో ఒప్పుకోలు. ఈ ఛానల్‌కి నేను రాసిన తొలి స్క్రిప్టుల్లో ఒకటి బ్రహ్మకు ఒక పగలు అంటే 432 కోట్ల ఏళ్ళు అనే లెక్క మీద. భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్ళు కాబట్టి 'మన ఋషులకు ముందే తెలుసు' అని రాశాను. కార్ల్ సేగన్ కూడా 1980 నాటి 'కాస్మోస్'లో హిందూ కాలమానాన్ని మెచ్చుకున్నాడని చేర్చాను. మెచ్చుకున్నది నిజం. కానీ అదే వాక్యంలో ఆ పోలిక యాదృచ్ఛికమే, సందేహం లేదు అని కూడా అన్నాడు. ఆ ముక్క కత్తిరించేశాను. వ్యూస్ బాగా వచ్చాయి.

ఇప్పుడు ఆలోచిస్తే అది రెండు విధాలా అన్యాయం. సేగన్ మాటను సగం కోసి చూపించాను. ఋషులకూ గౌరవం ఇవ్వలేదు. వాళ్ళు అంత పెద్ద కాలాన్ని ఊహించింది భూమి వయసు చెప్పడానికి కాదు. నీ కోపం, నీ ఆస్తి, నీ కులం, నీ పేరు ఆ కాలం ముందు ఎంత చిన్నవో చూసుకోమని. ఆ ఊహ విలువ దాంట్లోనే ఉంది. దానికి ఒక ప్రయోగశాల సర్టిఫికెట్ తగిలించాలని చూశానంటే, నా నమ్మకం మీద నాకే నమ్మకం లేదన్నమాట.

రెండో తప్పు

ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో హాస్టల్లో చేరాక 'సేపియన్స్' చదివాను. యువల్ నోవా హరారీ రాసిన ఈ పుస్తకం మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో నన్ను పట్టుకున్న వాదన ఇది. ముఖాముఖీ పరిచయం లేని లక్షల మంది కలిసి పనిచేయగలగడమే మనిషి బలం. అలా కలిపేది అందరూ కలిసి నమ్మే కల్పన. డబ్బు, దేశం, కంపెనీ, చట్టం, మతం, కులం అన్నీ అలాంటివే. బయట ప్రకృతిలో వెతికితే ఇవి దొరకవు. మన తలల్లో, మన మాటల్లో ఉంటాయి.

మా ఊరి పేరులో వినిపించే వారమే తీసుకోండి. పగలూ రాత్రీ భూమి తిరగడం వల్ల వస్తాయి. నెలకు చంద్రుడు, ఏడాదికి సూర్యుడు ఆధారం. ఏడు రోజుల వారానికి ఆకాశంలో అలాంటి చుట్టు ఏదీ లేదు. మనుషులు అనుకుని పెట్టుకున్నదే. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ దగ్గర బుధగుప్తుడి కాలం నాటి స్తంభం ఒకటుంది, క్రీ.శ. 484 నాటిది. మన దేశంలో తిథితో పాటు వారం కూడా చెక్కిన అతి పాత శాసనాల్లో అదొకటి. అందులో ఉన్న వారం ఏదో తెలుసా? సురగురువు రోజు. అంటే బేస్తవారమే! పదిహేను వందల ఏళ్ళుగా రాజులూ రైతులూ సంత వ్యాపారులూ ఒక కల్పనను నమ్ముతున్నారు కాబట్టి, ఇవాళ నా ఆఫీసు మీటింగ్ కూడా గురువారమే జరుగుతోంది.

ఇరవై నాలుగేళ్ళ వయసులో ఈ వాదన మత్తులా ఎక్కింది. అన్నీ కల్పనలే అయితే దేవుడు మాత్రం ఎందుకు కాదు? టేబుల్ మీద ఉన్న మార్కాపురం చెన్నకేశవ స్వామి పటం తీసి సొరుగులో పెట్టేశాను. దీపం ఆపేశాను. ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వతో గొప్పగా చెప్పాను కూడా. "అవ్వా, దేవుడు మనుషులు చెప్పుకున్న కథ, అంతే." ఆమె ఒక నవ్వు నవ్వి, "సరేలే, బువ్వ తిను ముందు" అంది.

గూట్లో గ్లాసు

మా ఇంటి వసారాలో గోడకు ఒక గూడు ఉంది. అందులో ఒక స్టీలు గ్లాసు ఎప్పుడూ బోర్లించి ఉంటుంది. మా పొలం పనులు చూసే పెద్దాయన వస్తే టీ దాంట్లోనే. తాగి ఆయనే కడిగి మళ్ళీ గూట్లో పెట్టి వెళ్తాడు. ఆయన మా నాయన కంటే పెద్ద. నన్ను 'బాబూ' అని పిలుస్తాడు. నేను మాత్రం చిన్నప్పటి నుంచీ ఆయన్ని పేరు పెట్టి, 'నువ్వు' అనే పిలిచాను. మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. గెలాక్సీల గురించి చదివిన వేసవిలో కూడా ఆ గ్లాసు అక్కడే ఉంది. నాకు కనిపించలేదు.

'సేపియన్స్'లో కులం గురించి కూడా ఉంది. మనుషులు కల్పించుకుని, ఆ తర్వాత ప్రకృతి ధర్మమని నమ్మిన అంతస్తులకు అదొక ఉదాహరణ. ఆ పేజీలు చదివిన తర్వాత వచ్చిన సంక్రాంతికి ఇంటికి వెళ్తే, గ్లాసు మొదటిసారి కళ్ళకు కనిపించింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని అవ్వను అడిగాను.

"అవ్వా, ఆ గ్లాసు వేరుగా ఎందుకు?"

"మొదట్నించీ అట్టనే గదరా."

మనుషులంతా ఒకే జాతి అనీ, మూడు లక్షల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో మొదలైన ఒకే కుటుంబమనీ, కులం మనం పెట్టుకున్న కల్పన అనీ పుస్తకంలో చదివిందంతా చెప్పాను. అవ్వ మొత్తం విని ఇలా అంది.

"నువ్వేగా మొన్న దేవుడు గూడా కల్పనే అంటివి. మరి ఆ గ్లాసూ చెన్నకేశవుడూ రెండూ ఒకటేనా?"

నేను నీళ్ళు నమిలాను. అవ్వ వదల్లేదు.

"గ్లాసు పుస్తకంలో ఉందని తీసెయ్యమంటావా, తప్పని తీసెయ్యమంటావా?"

అవ్వ చదివింది మూడో తరగతి. ఆమె అడిగింది మాత్రం తత్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఇదే పట్టుకున్నాడు. 'ఇలా ఉంది' అనే మాటల్ని ఎన్ని పేర్చినా, వాటిలోంచి 'ఇలా ఉండాలి' అనే మాట దానంతట అది పుట్టదు. మనుషులంతా ఒకే జాతి అన్నది నిజం. అయితే అందరికీ ఒకే గ్లాసు ఇవ్వాలని ఆ నిజం చెప్పదు. ఎముకలూ జన్యువులూ చూసి మనం ఎవరిమో చెప్తుంది సైన్సు. తోటి మనిషితో ఎలా ఉండాలో చెప్పే బాధ్యత దాని మీద వేసి మనం తప్పించుకోలేం.

మరి అది తప్పని నాకెలా తెలిసింది? నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం కూడా నాకు పూర్తిగా తెలియలేదు. మర్నాడు పొద్దున తెలిసింది. పెద్దాయన వచ్చాడు. అమ్మ టీ తెచ్చింది. ఆయన గూట్లోంచి గ్లాసు తీసి, నడుం కాస్త వంచి, రెండు చేతులతో ముందుకు పట్టాడు. అమ్మ చేతిలోని గిన్నెకూ ఆ గ్లాసుకూ మధ్య జానెడు ఖాళీ. టీ ఆ ఖాళీలోంచి ధారగా పడుతోంది. ఆ వంగిన మనిషి నేనే అయితే, పట్టుకున్నవి మా నాయన చేతులైతే అని ఒక్క క్షణం అనుకున్నా. అంతే. కడుపులో ఏదో తిప్పినట్టయింది.

నాకు ఆ పని చేసిపెట్టింది పుస్తకం కాదు, తర్కం కాదు. ఊహ. గీతలో ఆరో అధ్యాయం దీనికి 'ఆత్మౌపమ్యం' అనే మాట వాడుతుంది. ఇతరుల సుఖదుఃఖాలను తనతో పోల్చి చూసుకోవడం. అలా చూసేవాడే పరమ యోగి అంటాడు కృష్ణుడు. ధ్యానం గురించి ఇన్ని వీడియోలు చేశాం, ఆ శ్లోకం దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

కాబట్టి అవ్వకు నా జవాబు ఇది, ఆలస్యమైనా. గ్లాసూ చెన్నకేశవుడూ ఒకటి కాదు. రెండిటి వెనకా మనిషి ఊహ పనిచేసి ఉండొచ్చు. ఒక ఊహ ఎదుటి మనిషికీ నాకూ మధ్య జానెడు ఖాళీ పెట్టింది. ఇంకో ఊహ ఆ ఖాళీని దాటించింది. 'ఇది కల్పనా, కాదా' అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతే ఈ రెండిటికీ తేడా తెలియదు. 'ఇది నన్ను ఎలాంటివాణ్ణి చేస్తోంది' అని కూడా అడగాలి. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ గ్లాసును వేరుగా పెట్టింది మనం ఆచారం పేరుతో, శాస్త్రం పేరుతోనే. భక్తి ఉన్నంత మాత్రాన ఊహ మంచి దారిలోనే పోతుందని లేదు. అవ్వకు చెన్నకేశవుడి ముందు నిలబడితే కళ్ళ నీళ్ళు వస్తాయి. అదే అవ్వ డెబ్భై ఏళ్ళు ఆ గ్లాసును చూసింది.

మళ్ళీ అర్జునుడి దగ్గరికి

మన భాషలో ఇలాంటి ఇల్లు ఒకటుంది. కొడవటిగంటి కుటుంబరావు గారు (1909–1980) దశాబ్దాల పాటు 'చందమామ'లో పనిచేశారు. మనం, మన అమ్మానాన్నలు చదివిన రాకుమారులూ రాక్షసులూ భేతాళుడూ ఉన్న చందమామ. అదే చేత్తో ఆయన సైన్సు వ్యాసాలూ రాశారు. హేతువాద దృష్టి ఉన్న మనిషి. కొడుకు రోహిణీప్రసాద్ గారు అణుశాస్త్రవేత్త, సితార్ వాయించేవారు, మానవ పరిణామం గురించి తెలుగులో విరివిగా రాశారు. కూతురు ఆర్. శాంతసుందరి గారు 'సేపియన్స్'ని తెలుగులోకి తెచ్చారు. వాళ్ళు నా లాగా దీపం పెట్టేవాళ్ళని నేను చెప్పడం లేదు. కథకూ నిజానికీ ఒకే ఇంట్లో చోటుంటుందని మాత్రం చెప్తున్నా. కథను కథగా ప్రేమించారు, నిజాన్ని నిజంగా గౌరవించారు. ఒకదాని వేషం ఇంకోదానికి వేయలేదు.

ఇప్పుడు స్క్రిప్ట్‌లో నేను ఆగిపోయిన చోటు. అర్జునుడు అడిగి మరీ విశ్వరూపం చూపించుకున్నాడు. దానికోసం దివ్యచక్షువు కావాల్సి వచ్చింది. చూశాడు. అంతా చూశాక ఏమడిగాడు? ఇంకాసేపు చూపించమనలేదు. వణికిపోయాడు. అంతవరకూ 'కృష్ణా, సఖా' అని చనువుగా పిలిచినందుకు క్షమించమన్నాడు. మళ్ళీ ఆ పాత రూపంలోకి రమ్మని బతిమాలాడు. కృష్ణుడు సౌమ్యమైన మానుష రూపానికి వచ్చాకే అతని మనసు కుదుటపడింది.

నాకు ఇందులో ఒక సంగతి అర్థమైంది. విశ్వరూపం అబద్ధం కాదు. 1380 కోట్ల ఏళ్ళ విశ్వం, వంద కోట్ల ఏళ్ళ పలకరాయి, చందమామలతో తిరిగే బృహస్పతి, ఆఫ్రికా నుంచి నడిచొచ్చిన మనం, అదంతా చూడాల్సిందే. చూడకుండా కళ్ళు మూసుకునే భక్తి నాకొద్దు. కానీ విశ్వరూపంతో స్నేహం చేయలేం. దాన్ని పేరు పెట్టి పిలవలేం. ప్రేమించడానికి మనిషికి ఒక ముఖం కావాలి. అర్జునుడు తిరిగి స్నేహితుడి ముఖం అడిగింది తను చూసినదాన్ని మర్చిపోవడానికి కాదు. చూసిన తర్వాత కూడా ఎలా బతకాలో, తన ముందున్న పని ఎలా చేయాలో తెలుసుకోవడానికి.

నేను సొరుగులోంచి పటం మళ్ళీ బయటికి తీశాను. ఏ పుస్తకమో దేవుడున్నాడని నిరూపించినందుకు కాదు. ఆ ముఖం ముందు నిలబడితే పెద్దాయన వంగిన నడుం గుర్తొస్తోంది. ఏదో ఒక రోజు గుర్తు రావడం మానేస్తే, అప్పుడు నా దీపం నటనే అవుతుంది. తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఆ సంక్రాంతికి జరిగింది చెప్పి ముగిస్తాను. ఊరు వదిలే రోజు పొద్దున ఆ గూట్లో గ్లాసు నేను తీసుకుని, అందులో టీ పోయించుకున్నాను. పెద్దాయనకు ఇంట్లో గ్లాసు ఇచ్చాను. అమ్మ ఏమీ అనలేదు. అవ్వ ముఖం తిప్పుకుంది. పెద్దాయన గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడే ఉన్నాడు. "కూర్చో పెద్దయ్యా" అన్నాను. ఇన్నేళ్ళలో అలా పిలవడం అదే మొదటిసారి కాబట్టి ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండింది. ఆయన అరుగు చివర కూర్చున్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా టీ తాగాం.

ఈ మధ్య ఫోన్లో అమ్మ చెప్పింది, ఆ గ్లాసు ఇప్పుడు వంటింట్లో మిగతావాటితో కలిసిపోయిందట, ఏదో గుర్తుపట్టలేకపోతున్నారట. ఎవరు లోపల పెట్టారని అడిగాను. "ఏమో, నేనైతే కాదు" అంది.

మీ ఇంట్లో అలాంటి గూడు ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే, చూశాక ఏం చేశారో రాయండి.

కృష్ణార్పణం.